చలేస్తే ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుందా?

నర్సింగ్ విద్యార్థులకు ఒక మత్తు డాక్టరు చెప్పిన పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.

అందరూ కూర్చున్నారా? వెనక వరసలో ఉన్నవాళ్లు ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఏసీ కింద నీలం చున్నీ అమ్మాయీ, నిన్నే. చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుపోయి కూర్చున్నావు. చలిగా ఉందా? ఉందట. సరే, పాఠం నీ దగ్గర్నుంచే మొదలుపెడదాం.

ఒక ప్రశ్న. ఈ అమ్మాయికి చలేస్తోంది. ఇప్పుడు ఈమె ఒంటికి కావలసిన ఆక్సిజన్ పెరిగిందా, తగ్గిందా? తగ్గింది అనేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. పెరిగింది అనేవాళ్లు? ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు పక్కవాళ్లని చూసి ఎత్తారు, నేను చూశాను, పర్లేదు.

ఆ ముగ్గురూ చెప్పిందే కరెక్టు. అలాగని మిగతావాళ్లు చదువుకున్నది తప్పు కాదు. ఒళ్లు చల్లబడితే ఆక్సిజన్ వాడకం తగ్గుతుందని పుస్తకంలో ఉంటుంది, అదీ నిజమే. అదే చలి ఒకసారి ఆక్సిజన్ ఖర్చుని రెండింతలు చేస్తుంది, ఇంకోసారి సగానికి దించేస్తుంది. ఎప్పుడు పెంచుతుంది, ఎప్పుడు దించుతుంది? ఈ గంటలో నేను చెప్పబోయేది అదొక్కటే. ఇది తెలియక నేను ఒక పేషెంటుని ఎంత ఇబ్బంది పెట్టానో కూడా చెప్తాను.

ముందు మామూలు లెక్క చూద్దాం. ఊరికే పడుకుని ఉన్న 70 కిలోల మనిషి నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడతాడు? ఎవరైనా చెప్పండి. కాదమ్మా, లీటర్లు కాదు. ఇంచుమించు 250 మిల్లీలీటర్లు. ఒక చిన్న కూల్‌డ్రింక్ సీసా ఎంత ఉంటుందో అంత. ప్రతి నిమిషం ఒక సీసా. రోజంతా కలిపితే 360 లీటర్లు. అందులో అయిదో వంతు మెదడే తినేస్తుంది. బరువు చూస్తే ఒంట్లో నూటికి రెండు వంతులు, ఖర్చు చూస్తే నూటికి ఇరవై.

మరి నిల్వ ఎంత ఉంది? ఇంట్లో బియ్యం నెలకి సరిపడా ఉంటాయి, నీళ్లు ఒక డ్రమ్ముడు ఉంటాయి. ఒంట్లో కొవ్వు ఉంది, వారాల తరబడి లాక్కొస్తుంది. ఆక్సిజన్‌కి మాత్రం గోదాం లేదు. ఊపిరితిత్తుల్లో గాలి, రక్తంలో ఉన్నది, కండల్లో ఉన్న కాస్తా, మొత్తం కలిపి లీటరున్నర. నిమిషానికి పావు లీటరు ఖర్చయితే అదెన్ని నిమిషాలు? ఆరు. ఆ ఆరులో చివరి చుక్క దాకా వాడుకోవడం కుదరదు కాబట్టి, రక్తప్రసరణ ఆగితే మూడు నాలుగు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. నా వృత్తి మొత్తం ఆ నాలుగు నిమిషాల చుట్టూ తిరుగుతుంది. చలి కథంతా కూడా ఆ నాలుగు నిమిషాల్ని పొడిగించడానికి మనిషి పడ్డ తాపత్రయమే.

చల్లబడితే ఖర్చెందుకు తగ్గుతుంది? ఇది మీ వంటింట్లోనే ఉంది. ఎండాకాలం పాలల్లో తోడు వేస్తే నాలుగైదు గంటల్లో పెరుగు గట్టిగా తయారు. డిసెంబరులో? పొద్దున్న లేచి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. అమ్మ గిన్నెకి తువ్వాలు చుట్టి స్టవ్ పక్కన పెడుతుంది. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెడితే వారమైనా పులిసిపోదు. ఎందుకని? అక్కడ పని చేసేవి ఎంజైములు. వేడి తగ్గితే వాటి పని నెమ్మదిస్తుంది. మన కణాల్లో ఉన్నవీ ఎంజైములే. ఆక్సిజన్‌ని వాడి, గ్లూకోజుని కాల్చి, శక్తి తీసే పని వాటిదే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే ఆ పని నూటికి ఆరేడు వంతులు తగ్గుతుంది. ఒంటి మామూలు వేడి 37 సెల్సియస్ నుంచి 28కి దిగితే దాదాపు సగం. పావు లీటరు కాస్తా అరపావు అవుతుంది.

ఇక్కడి దాకా అందరికీ అర్థమైంది కదా? ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. నేనూ వేశాను.

పాలగిన్నె చల్లబడితే ఊరుకుంటుంది. మనిషి ఊరుకోడు. మెదడు అడుగున హైపోథలమస్ అని ఉంది, చదివారు కదా, అది 37 దగ్గర కాపలా కాస్తుంది. ఒళ్లు కొంచెం చల్లబడగానే ముందు చర్మంలో రక్తనాళాల్ని బిగించేస్తుంది. అందుకే చేతులు తెల్లబడతాయి. రోమాల్ని కూడా నిక్కబొడిపిస్తుంది. అప్పటికీ చాలకపోతే వణుకు మొదలుపెడుతుంది. వణుకంటే ఏమిటి? పని లేకుండా కండలు పని చెయ్యడం. బండి స్టాండు మీద పెట్టి ఎక్సలేటర్ తిప్పినట్టు. బండి అంగుళం కదలదు, పెట్రోలు మాత్రం అయిపోతుంది, ఇంజను వేడెక్కుతుంది. ఒంటికి కావలసింది ఆ వేడే. దానికి పెట్రోలు ఏది? ఆక్సిజనే. గట్టిగా వణికే మనిషి ఆక్సిజన్ వాడకం రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఏ ఆస్పత్రో అనవసరం. నేను అప్పుడే చదువు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన రోజులు. పేషెంటు అరవై దాటిన పెద్దాయన. పేగు ఆపరేషన్, మూడు గంటలు పట్టింది. అంతకు ముందే గుండె జబ్బు ఉంది. థియేటర్లో ఏసీ పద్దెనిమిదిలో ఉంది, సర్జన్‌గారికి చెమట పడుతోందని. పొట్ట తెరిచి ఉంది. సెలైన్ సీసాలు ఆ గది చల్లదనంలోనే ఉన్నాయి, ఒకటి తర్వాత ఒకటి ఎక్కుతున్నాయి. గదిలో ఉన్న సెలైన్ లీటరు ఎక్కిస్తే ఒళ్లు పావు డిగ్రీ చల్లబడుతుంది. అది కాక మత్తు ఇచ్చిన మొదటి గంటలోనే డిగ్రీ, డిగ్రీన్నర ఎలాగూ పోతుంది, ఎందుకంటే మత్తు మందు రక్తనాళాల్ని వదులు చేసి లోపలి వేడిని చేతులకీ కాళ్లకీ పంచేస్తుంది. నేను థర్మామీటర్ పెట్టలేదు. అప్పట్లో మాలో చాలామందికి ఆ అలవాటు లేదు. అలవాటు లేదనడం సంజాయిషీ కాదు, జరిగింది చెప్తున్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. రికవరీ రూమ్‌కి తెచ్చాం. మత్తు దిగుతుండగా పెద్దాయన దవడ కొట్టుకోవడం మొదలైంది. తర్వాత భుజాలు. తర్వాత మంచమే కదులుతోంది, ఇనప మంచం టకటకా చప్పుడు. శాచురేషన్, అంటే రక్తం నూటికి ఎంత ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పే అంకె, 97 నుంచి 91, తర్వాత 88. గుండె వేగం 130. నేనేం చేశాను? ఆక్సిజన్ ఫ్లో పెంచాను. మాస్కు సరిచేశాను. మళ్లీ పెంచాను. ఆ అంకె కొలవడానికి వేలికి పెట్టిన క్లిప్పు, ప్రోబ్ అంటాం, రీడింగ్ ఇవ్వడం లేదని ఇంకో వేలికి మార్చాను. మానిటర్ మీద గుండె గీతలో తేడా కనిపిస్తోంది, నాకు టెన్షన్, నా చేతులూ వణుకుతున్నాయి, నాది చలి వణుకు కాదనుకోండి.

అక్కడ ఒక సీనియర్ సిస్టర్ ఉండేవారు. నన్ను పక్కకి జరిపి, "డాక్టరుగారూ, ఆయనకి ఆక్సిజన్ తక్కువ కాలేదండీ, ఖర్చెక్కువైంది" అన్నారు. తడిసిన దుప్పటి లాగేశారు. స్టెరిలైజర్ గదిలోంచి వెచ్చటి దుప్పట్లు రెండు తెచ్చి తల నుంచి పాదాల దాకా కప్పారు. పెథిడిన్ 25 మిల్లీగ్రాములు ఇవ్వమని నాకే గుర్తు చేశారు. వణుకు తగ్గించడానికి అది పాత మందు, మంచి మందు. పది నిమిషాల్లో మంచం చప్పుడు ఆగింది. శాచురేషన్ తిరిగి 96కి వచ్చింది. నేను ఆక్సిజన్ ఇంకేమీ పెంచలేదు, తగ్గించాను కూడా. ఆ సిస్టర్ చెప్పిన ఒక్క వాక్యం నాకు మూడేళ్ల పీజీ చదువులో ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదు.

కాబట్టి చూడండి. ఒళ్లు చలితో పోట్లాడుతున్నంతసేపు ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. ఒళ్లు పోట్లాట ఆపేస్తేనే తగ్గుతుంది. ఎవరు ఆపారు, ఎలా ఆపారు అన్నదాన్ని బట్టి అది వైద్యం అవుతుంది, లేకపోతే చావవుతుంది. రాసుకుంటున్నారా? ఫోటో తీయకండి, నా మొహం ఏం పరీక్షలో రాదు.

ఇప్పుడు కెనడా వెళ్దాం. టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో అని ఒక సర్జన్. అక్కడి చలి సంగతి మీకు తెలుసు, మీ అన్నయ్యలో అక్కయ్యలో అక్కడుంటే వీడియో కాల్‌లో మంచు చూపించే ఉంటారు. ఆయన కుర్ర సర్జన్‌గా ఉన్నప్పుడు మంచు కాటుతో కుళ్లిన వేళ్లు తీసేసే పని పడింది. చలి మనిషి కణాల్ని ఏం చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదని అప్పుడు ఆయనకి అనిపించింది. ఆ కాలంలో గుండె లోపల ఆపరేషన్ చెయ్యాలంటే దారి లేదు. రక్తం ఆపితే నాలుగు నిమిషాల్లో మెదడు పోతుంది. నాలుగు నిమిషాల్లో గుండె తెరిచి, కుట్టి, మూయడం ఎవరివల్ల అవుతుంది? ఒంటినే చల్లబరిస్తే మెదడుకి ఆక్సిజన్ అవసరమే తగ్గుతుంది కదా, అప్పుడు ఎక్కువసేపు ఆగుతుంది కదా, ఇదీ ఆయన ఆలోచన.

మరి అంతకు ముందు ఎవరికీ ఈ ఆలోచన రాలేదా? జంతువుల్ని చల్లబరిచి చూస్తే ఆక్సిజన్ వాడకం పెరిగేది, అందుకని ఇది పనికిరాదనే అభిప్రాయం ఉండేది. ఎందుకు పెరిగేదో ఇప్పుడు మీరు చెప్పగలరు. వణుకు! బిగెలో బృందం కుక్కలకి మత్తు బాగా ఇచ్చి, వణుకు రాకుండా చూసి, అప్పుడు చల్లబరిచారు. ఉష్ణోగ్రత దిగుతున్న కొద్దీ ఆక్సిజన్ వాడకం కూడా గీత గీసినట్టు దిగింది. 1950లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. కుక్కల్ని 20 డిగ్రీల దాకా దించి, గుండెకి వచ్చే రక్తాన్ని పావుగంట ఆపి, మళ్లీ వెచ్చబరిస్తే వాటిలో కొన్ని బతికాయి. పావుగంట! నాలుగు నిమిషాల దగ్గర్నుంచి.

ఇక్కడొక చిన్న పిట్టకథ. అలా చల్లబరిచిన ఒక కుక్కకి గుండె ఆగిపోయింది. ఏం తోచక బిగెలో చేతిలో ఉన్న పరికరంతో గుండెని ఒకసారి పొడిచారు. గుండె ఒకసారి కొట్టుకుంది. మళ్లీ పొడిచారు, మళ్లీ కొట్టుకుంది. పొడిచినప్పుడల్లా కొట్టుకుంటోంది. పొడిచే బదులు కరెంటుతో తడితేనో? జాన్ హాప్స్ అనే ఇంజనీరుతో కలిసి అలాంటి యంత్రం చేశారు. మీ కార్డియాలజీ వార్డులో పేస్‌మేకర్ పెట్టించుకున్న తాతగార్లకి చెప్పండి, దాని పుట్టుకలో చలికి వాటా ఉందని.

మనిషి మీద మొదట గెలిచింది మాత్రం అమెరికాలో, మినియాపొలిస్‌లో. 1952 సెప్టెంబరు 2. సర్జన్ జాన్ లూయిస్. పేషెంటు అయిదేళ్ల పాప, గుండె పై గదుల మధ్య గోడలో కన్నం. మత్తిచ్చి, చల్లటి ద్రవం పారే దుప్పట్లు చుట్టి, 28 డిగ్రీలకి దించారు. గుండెకి వచ్చే సిరలు బిగించారు. తెరిచారు, కన్నం కుట్టారు, మూశారు. పట్టింది అయిదున్నర నిమిషాలు. మామూలు ఒంటి వేడిలో అయితే ఆ అయిదున్నర నిమిషాలు మెదడుని మింగేసేవి. 28 దగ్గర ఖర్చు సగమే కాబట్టి గడువు రెండింతలైంది. తర్వాత పాపని వేడినీళ్ల తొట్టిలో పెట్టి వెచ్చబరిచారు. మనం ఇంట్లో పిల్లలకి నీళ్లు పోసినట్టే, తొట్టిలో. గుండె తెరిచి కళ్లతో చూస్తూ చేసి గెలిచిన మొదటి ఆపరేషన్ అది. అప్పటికి గుండె, ఊపిరితిత్తుల పని తానే చేసే హార్ట్ లంగ్ మెషీన్ మనుషుల మీద గెలవలేదు, అది తర్వాతి ఏడు.

మెషీన్ వచ్చాక చలి అక్కర్లేకుండా పోయిందా? పోలేదు. మెడకీ తలకీ కొమ్మలిచ్చే పెద్ద ధమని వంపు ఉంది కదా, అయోర్టా ఆర్చ్, అది చిరిగితే మెషీన్ కూడా కాసేపు ఆపక తప్పదు. అప్పుడు 18, 20 డిగ్రీల దాకా దించుతారు. తల చుట్టూ ఐసు పెడతారు. గుండె ఆగి ఉంటుంది, మెషీన్ ఆగి ఉంటుంది, మానిటర్ మీద అన్ని గీతలూ చదునుగా ఉంటాయి. గోడ గడియారం ఒక్కటే నడుస్తుంది. అరగంట దాకా చాలామంది తట్టుకుంటారు. ఆ అరగంట థియేటర్లో ఎవరూ మాట్లాడరు. నేను అలాంటి కేసుల్లో సాయంగా నిలబడ్డాను, ఆ మెషీన్ నడిపే పర్ఫ్యూజనిస్టు నిమిషాలు లెక్కపెడుతుంటే ఆ గొంతు తప్ప ఏమీ వినిపించదు.

ఇంతవరకూ ఖర్చు గురించి మాట్లాడాం. సరఫరా గురించి ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాను. అడగలేదు. నేనే చెప్తాను.

రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. దాన్ని ఆర్టీసీ బస్సు అనుకోండి. ఊపిరితిత్తుల దగ్గర జనం ఎక్కాలి, కణాల దగ్గర దిగాలి. ఒళ్లు వేడిగా ఉన్నచోట, పని ఎక్కువ జరుగుతున్నచోట బస్సు తలుపు బార్లా తెరుచుకుంటుంది, జనం తొందరగా దిగుతారు. ఒళ్లు చల్లబడితే? తలుపు బిగుసుకుపోతుంది. బస్సు నిండా జనం, స్టాపు వచ్చింది, దిగేవాళ్లు తక్కువ. ఆక్సిజన్ ఒత్తిడిని బట్టి హిమోగ్లోబిన్ ఎంత నిండుతుందో చూపించే గీత పుస్తకంలో ఎస్ ఆకారంలో ఉంటుంది కదా, అది ఎడమకి జరుగుతుందని చదివారు, పరీక్షలో రాశారు, మర్చిపోయారు. దాని అర్థం ఇదే. 37 దగ్గర హిమోగ్లోబిన్ సగం ఖాళీ అవడానికి ఆక్సిజన్ ఒత్తిడి 27 మిల్లీమీటర్లకి దిగితే చాలు. అదే 27 డిగ్రీల ఒంటిలో పదిహేను, పదహారుకి దిగితే గానీ సగం ఖాళీ అవదు.

కాబట్టి చల్లబడ్డ పేషెంటుకి మానిటర్ మీద 99 కనిపిస్తే సంతోషించాలా? 99 అంటే బస్సు నిండుగా ఉందని మాత్రమే. జనం దిగారా లేదా అది చెప్పదు.

దీనికి కాస్త ఉపశమనం ఒకటుంది. చల్లటి సోడా తాగారుగా? చల్లటి నీళ్లలో గ్యాసు బాగా కరిగి ఉంటుంది, వెచ్చబడిన సోడా మూత తీస్తే బుస్సుమని పోతుంది. అలాగే చల్లటి రక్తంలో ఆక్సిజన్ కొంచెం ఎక్కువ కరుగుతుంది. అసలు ఖర్చే తగ్గి ఉంటుంది కాబట్టి ఒంటికి సరిపోతుంది కూడా. ఇబ్బంది వెచ్చబరిచేటప్పుడు. అప్పుడు ఖర్చు లేస్తుంది, వణుకు తిరిగొస్తుంది, ఇంతసేపూ బిగిసి ఉన్న నాళాలు తెరుచుకుని బీపీ పడిపోతుంది, గుండె ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అందుకే నెమ్మదిగా వెచ్చబరచమంటాం. బాటిళ్లలో మరిగే నీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టకండి. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నట్టు తెలియదు, బొబ్బలెక్కాక మీకు తెలుస్తుంది.

మీ పనికి సంబంధించినవి రెండు. ఒకటి, చల్లటి వేలికి పెట్టిన ప్రోబ్‌ని నమ్మకండి. నాళాలు బిగుసుకుంటే వేల్లో రక్తం ఆడదు, అంకె రాదు, వచ్చినా తప్పు వస్తుంది. చెవితమ్మెకి పెట్టి చూడండి. గోళ్ల రంగు ఉంటే తుడవండి. రెండు, ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువుల్ని కొలిచే పరీక్ష, పంపేటప్పుడు ఫారం మీద పేషెంటు ఉష్ణోగ్రత రాయండి. మెషీన్ ప్రతి శాంపిల్‌నీ 37కి వెచ్చబరిచి కొలుస్తుంది. వెచ్చబడిన సోడా గుర్తుందా? అక్కడా అంతే, కరిగి ఉన్న ఆక్సిజన్ బయటికి నెట్టుకొస్తుంది, ఒంట్లో ఉన్నదానికన్నా ఎక్కువ అంకె కనిపిస్తుంది. 30 డిగ్రీల పేషెంటు రిపోర్టులో ఆక్సిజన్ బాగుంది అనుకుని మనం కాలు మీద కాలేసుకుని కూర్చుంటాం.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. చలికి పడి ఉన్న మనిషి వణుకు ఆగిపోతే, హమ్మయ్య తగ్గింది అనుకోకండి. 32, 30 మధ్య ఎక్కడో వణుకు దానంతటదే ఆగిపోతుంది. ఒళ్లు ఓడిపోయిందని అర్థం. మాట తడబడుతుంది, మనిషి మగతగా ఉంటాడు. 28 కింద గుండె చిన్న కుదుపుకే గతి తప్పుతుంది. స్ట్రెచర్ మీదకి మార్చేటప్పుడు గుడ్లబుట్టని పట్టుకున్నట్టు పట్టుకోవాలి.

నార్వే కథ విన్నారా? చాలామంది యూట్యూబులో చూసి ఉంటారు. 1999 మే నెలలో, నార్విక్ దగ్గర కొండల్లో, స్వీడన్‌కి చెందిన ఒక యువ డాక్టరు స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడింది. మంచు పలక కిందికి తలా ఒళ్లూ వెళ్లిపోయాయి, స్నేహితులు కాళ్లు పట్టుకున్నారు, లాగలేకపోయారు. మంచు కింద చిన్న గాలి జేబు దొరికింది. నలభై నిమిషాలు కదులుతూనే ఉంది. తర్వాత కదలిక ఆగింది. ఇంకో నలభై నిమిషాలకి బయటికి తీశారు. హెలికాప్టర్‌లో ట్రామ్సో ఆస్పత్రికి తెచ్చి చూస్తే ఒంటి వేడి 13.7. గుండె లేదు, ఊపిరి లేదు. హార్ట్ లంగ్ మెషీన్‌కి కలిపి రక్తాన్ని వెచ్చబరిచారు. బతికింది. చేతుల్లో నరాల ఇబ్బంది కొంత మిగిలింది, ఆ తర్వాత అదే ఆస్పత్రిలో రేడియాలజిస్టుగా పనిచేసింది.

ఎలా బతికింది? దేవుడి దయ అనండి, నేను కాదనను. కానీ వరస చూడండి. ముందు నలభై నిమిషాలు గాలి ఉంది, ఒళ్లు చల్లబడుతూ వచ్చింది. మెదడు ఖర్చు బాగా దిగిపోయిన తర్వాతే గుండె ఆగింది. ముందు చలి, తర్వాత ఊపిరి ఆగడం. ఈ వరస తిరగబడితే, ముందు ఊపిరి ఆగి తర్వాత ఒళ్లు చల్లబడితే, ఆ చలి దేనికీ పనికిరాదు. మన గోదావరిలో పుష్కర ఘాట్ దగ్గర మునిగినవాళ్ల కథ ఆ రెండో రకం. మన నీళ్లు అంత చల్లగా ఉండవు. ఒళ్లు చల్లగా తగులుతోంది కదా, ఇంకా టైముంది అనుకుని కూర్చోకూడదు. బయటికి తీసిన క్షణం నుంచే ఊపిరి ఇవ్వాలి. అయితే నిజంగా మంచులో చిక్కి గడ్డకట్టినవాళ్ల విషయంలో డాక్టర్లు ఒక మాట అంటారు, వెచ్చబరిచి చూడకుండా పోయాడని చెప్పకు అని.

ఇక పసిపిల్లలు. మీలో సగం మంది లేబర్ రూముల్లోకే వెళ్తారు, అందుకని ఇక్కడ కొంచెం ఆగుతాను.

అప్పుడే పుట్టిన బిడ్డ ఎలా ఉంటుంది? ఉమ్మనీటితో తడిసి ఉంటుంది. మూడు కిలోల బరువు, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, తల పెద్దది. ఇంతసేపూ 37 డిగ్రీల కడుపులో ఉండి ఇప్పుడు ఫ్యాను కిందికి వచ్చింది. పైగా పెద్దవాళ్లలాగా వణకలేదు. వణకదు కాబట్టి ఆక్సిజన్ ఖర్చు పెరగదా? పెరుగుతుంది! మెడ దగ్గర, భుజాల మధ్య, కిడ్నీల చుట్టూ బ్రౌన్ ఫ్యాట్ అనే ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది. చలేస్తే దాన్ని కాల్చి వేడి పుట్టించుకుంటుంది. కాల్చడానికి మళ్లీ ఆక్సిజనే కావాలి, గ్లూకోజూ కావాలి. బిడ్డ మామూలుగానే కిలో లెక్కన మనకి రెండింతల ఆక్సిజన్ వాడుతుంది. చలి తగిలితే ఆ లెక్క ఇంకా పైకి పోతుంది. నెలలు నిండని బిడ్డకి ఆ కొవ్వు కూడా సరిగ్గా ఉండదు.

వణుకు కనిపించదు కాబట్టి మనకి తెలియదు. బిడ్డ బుద్ధిగా పడుకుంది అనుకుంటాం. లోపల షుగర్ పడిపోతూ ఉంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, మూలుగు వస్తుంది. ఆక్సిజన్ హుడ్ పెడతాం. నేను పెద్దాయనకి చేసిన తప్పే చిన్నబిడ్డకీ చేస్తాం. ముందు అరికాలు ముట్టుకుని చూడండి. పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్లు చల్లగా ఉన్నాయంటే బిడ్డ ఆక్సిజన్ తగలేస్తోందని లెక్క. పొట్ట కూడా చల్లబడితే నష్టం మొదలైపోయిందని లెక్క. 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి.

తుడవడం, తడిగుడ్డ తీసెయ్యడం, టోపీ పెట్టడం, తల్లి ఛాతీ మీద పడుకోబెట్టడం. స్నానం మర్నాడు. ఇవన్నీ మీకు వచ్చు, కానీ ఇవి ఆక్సిజన్ ఇవ్వడంతో సమానమని ఎవరూ చెప్పి ఉండరు. 1978లో బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక తల్లి రొమ్ముల మధ్య బిడ్డని కట్టడం మొదలుపెట్టారు, అదే కంగారూ మదర్ కేర్. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున సున్నా దగ్గరికి పోతుంది చూడండి, అలాంటిచోట రాత్రి పుట్టిన బిడ్డకి అంబులెన్సు కొండ దిగే రెండు గంటలూ వార్మర్ ఏది? తల్లి ఒళ్లే. తల్లికి ఓపిక లేకపోతే తండ్రి ఒళ్లు. నాన్నలు సిగ్గుపడతారు, చొక్కా విప్పించండి.

మరి బిడ్డల్ని కావాలని చల్లబరిచే వైద్యం ఉంది కదా మేడమ్ అని ఎవరో అడుగుతున్నారు. ఉంది. పుట్టేటప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డని, ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, 33, 34 డిగ్రీల మధ్య 72 గంటలు ఉంచుతారు. ధనిక దేశాల్లో ఇది బాగా పనిచేసింది, ప్రాణాలు కాపాడింది. దాన్నే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది బిడ్డల మీద పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు. హెలిక్స్ అని ఆ అధ్యయనం పేరు. చల్లబరిచినవాళ్లలో నూటికి 42 మంది పోయారు, చల్లబరచనివాళ్లలో 31 మంది. మేలు చెయ్యకపోగా మరణాలు పెరిగాయి. అందుకని ఎక్కడో చదివామని ఐసు ప్యాకులు తెచ్చి బిడ్డ పక్కన పెట్టే పని ఎవరూ చెయ్యొద్దు. పెద్దవాళ్లలోనూ అంతే. గుండె ఆగి తిరిగొచ్చినవాళ్లని 33కి చల్లబరచడం 2002 నుంచి పెద్ద ఆశగా నడిచింది. 2021లో సుమారు 1,900 మందితో చేసిన పరీక్షలో, చల్లబరిచినా, జ్వరం రాకుండా చూసుకున్నా ఒకటే ఫలితం వచ్చింది. ఆక్సిజన్ ఖర్చు తగ్గించడం అనే లెక్క కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, పేషెంటు కాగితం కాదు. ఆ ఒళ్లు రక్తం గడ్డకట్టనివ్వదు, ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటుంది, గుండె గతి మార్చుకుంటుంది.

టైమైపోయింది. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ చివర, చెప్పమ్మా. తమ్ముడికి జ్వరం వస్తే వాళ్ల నానమ్మ ఐసునీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లంతా తుడుస్తుందట, మంచిదేనా అని.

మంచి ప్రశ్న. జ్వరం డిగ్రీ పెరిగితే ఆక్సిజన్ ఖర్చు ఇంచుమించు పదో వంతు చొప్పున పెరుగుతుంది, కాబట్టి దించాలనుకోవడం తప్పు కాదు. కానీ జ్వరంలో హైపోథలమస్ తన కాపలా అంకెనే 39కో 40కో జరుపుకుంది. దాని లెక్కలో 39 ఉన్న పిల్లాడు చల్లగా ఉన్నట్టే. దాని మీద ఐసునీళ్లు పోస్తే ఏం చేస్తుంది? నీలం చున్నీ అమ్మాయీ, నువ్వు చెప్పు. వణికిస్తుంది. వణికితే? చెప్పు, చెప్పు. సరిగ్గా అదే. కాబట్టి ముందు పారాసిటమాల్ ఇవ్వండి, అది ఆ అంకెని కిందికి జరుపుతుంది. తర్వాత కావాలంటే గోరువెచ్చటి నీళ్లతో తుడవండి. తుడుస్తుండగా పిల్లాడికి రోమాలు నిక్కబొడుచుకున్నా, దవడ కొట్టుకున్నా గుడ్డ పక్కన పడేసి ఒళ్లు ఆరనివ్వండి. నానమ్మతో మాత్రం గొడవ పెట్టుకోకు. గిన్నెలో ఐసు ముక్కలు తీసేసి గోరువెచ్చటి నీళ్లు నువ్వే పోసి ఆవిడ చేతికివ్వు.